పాము కక్కేసింది... ఇప్పుడేం చేస్తారు?

పెంపుడు పాము పిల్లకి కడుపు బాగోకపోతే వెంటనే ఏదో ఒకటి చేసేయాలనిపిస్తుంది. అసలు ప్రమాదం అక్కడే! ఆగడం, గమనించడం, రాసుకోవడం వచ్చినవాళ్లే దాన్ని బతికిస్తారు. ఆ మూడూ వచ్చినవాళ్లకి ఉద్యోగాలూ ఉన్నాయి.

సంక్రాంతి సెలవులకి మీరు తుని వచ్చారనుకోండి. బ్యాగులో బట్టలు, ల్యాప్‌టాప్‌తో పాటు గాలి రంధ్రాలున్న ప్లాస్టిక్ డబ్బా ఒకటి. అందులో వేలంత లావున్న బాల్ పైథాన్ పిల్ల. హాస్టల్లో ఉన్నన్నాళ్లూ చక్కగా తిన్నది. ఇంటికి రాగానే 'ప్రయాణంలో అలిసిపోయింది పాపం' అని ఓ ఎలుక పిల్లని పెట్టారు. మింగింది. చూస్తానంటే తీసి తమ్ముడి చేతిలో పెట్టారు. ఆ రాత్రి చలి. రెండో రోజు తెల్లారేసరికి గదంతా ఘాటు వాసన. మింగిన ఎలుక సగం కరిగి డబ్బాలో పడి ఉంది.

గుమ్మంలో నుంచే మామ్మ అంటుంది: "ఏరా, నాగుల చవితికి పుట్టలో పాలు పోస్తాం కదా, కాసిని పాలు పట్టి చూడకపోయావా?" తమ్ముడు: "కడుపు ఖాళీ అయిపోయింది కదన్నయ్యా, ఇంకోటి పెట్టు." ఫోన్లో ఫ్రెండ్: "కుక్కలకి వేసే నులిపురుగుల మందు రెండు చుక్కలు వెయ్ మామా, సెట్ అయిపోద్ది."

మూడు సలహాలూ ప్రేమతో ఇచ్చినవే. మూడూ ఆ పిల్ల ప్రాణం మీదికి తెచ్చేవే. ఎందుకో చూద్దాం.

కడుపులో ఏం జరిగింది?

మన ఒంట్లో వేడి మనమే పుట్టించుకుంటాం. పాముకి ఆ ఏర్పాటు లేదు. బయట దొరికే వేడితోనే దాని జీర్ణక్రియ నడుస్తుంది. బాల్ పైథాన్ ఉండే పెట్టెలో ఒక పక్క 31 నుంచి 33 డిగ్రీల సెల్సియస్, రెండో పక్క 25, 26 డిగ్రీలు ఉంటే అది తనకి కావలసిన చోటికి జరుగుతుంది. జనవరి రాత్రి మామూలు ప్లాస్టిక్ డబ్బాలో ఆ వెచ్చటి పక్క ఉండదు. వేడి చాలకపోతే కడుపులో ఎలుక అరగదు, కుళ్లడం మొదలవుతుంది. అప్పుడు పాము దాన్ని బయటికి తోసేస్తుంది. తనని తాను కాపాడుకునే పద్ధతి అది.

ఎండాకాలంలో దీనికి రివర్స్. మే నెలలో రేకుల గదిలో పెట్టె 35 దాటితే ఆ వేడికి కూడా కక్కేస్తుంది. అంతకు మించితే ప్రాణానికే ముప్పు.

ఇంకో సంగతి. బర్మీస్ పైథాన్‌ల మీద జరిగిన పరిశోధనల్లో తేలిందేమిటంటే, తిండి పడ్డాకే వాటి పేగులు, కాలేయం, గుండె కూడా పెరుగుతాయి. కడుపులో ఆమ్లం అప్పుడే ఊరుతుంది. పని అయ్యాక మళ్లీ తగ్గుతాయి. అంటే పాముకి ఒక్కో భోజనం ఒక పెద్ద ప్రాజెక్టు లాంటిది. అది మధ్యలో పాడైతే పెట్టుబడి మొత్తం పోయినట్టే. పైగా కక్కేటప్పుడు ఆమ్లం తగిలి అన్నవాహిక లోపలి పొర దెబ్బతింటుంది. ఒంట్లో నీరూ పోతుంది. పెద్ద పాము దీన్ని తట్టుకుంటుంది. 60, 70 గ్రాముల పిల్లకి అంత నిల్వ ఉండదు.

అందుకే వెంటనే ఇంకో ఎలుకని పెట్టొద్దనేది. రెండోదీ కక్కుతుంది, మొదటిసారి కంటే నీరసపడుతుంది. పాలంటారా, పాము పాలు అరిగించుకునే జీవి కాదు. దాహంతో ఉన్న పాము ఏ ద్రవం పెట్టినా తాగుతుంది, అంతే. మందు సంగతి ఇంకా ఘోరం. కుక్కలకి, పశువులకి వాడే ఐవర్‌మెక్టిన్ తాబేళ్లకి ప్రాణాంతకం. మెట్రోనిడజోల్ మోతాదు మించితే పాముల్లో నరాల సమస్యలు వస్తాయి. సరీసృపాలకి మోతాదు బరువుని బట్టి, జాతిని బట్టి మారుతుంది. గ్రాముల్లో తూగే పిల్లకి 'రెండు చుక్కలు' అనేది లెక్కే కాదు.

కక్కడం వేరు, వాంతి వేరు

డాక్టర్ అడిగే మొదటి ప్రశ్న ఇదే. ముందే గమనించి ఉంచుకోండి.

మింగిన ఒకటి రెండు రోజుల్లోపు ఎలుక దాదాపు మింగినట్టే బయటికి వస్తే అది కక్కడం. ఎక్కువగా మన తప్పుల వల్లే జరుగుతుంది. తిన్న వెంటనే చేతిలోకి తీసుకోవడం, వేడి చాలకపోవడం, పాము లావుకి మించిన ఎలుక పెట్టడం, తిన్నాక ప్రయాణం చేయించడం... ఇవీ కారణాలు.

చాలా రోజుల తర్వాత సగం కరిగిన ముద్దలా, జిగురుతో, భరించలేని వాసనతో వస్తే అది వాంతి. దీని వెనుక జబ్బు ఉండే అవకాశం ఎక్కువ.

పై కథలోది ఈ రెండింటికీ మధ్యలో ఉంది కదా? నిజ జీవితంలో చాలా కేసులు అలాగే ఉంటాయి. అందుకే అంచనాల మీద కాకుండా తేదీ, టైం, ఫొటోల మీద ఆధారపడాలి.

మొదటి రోజు, ఆ తర్వాత రెండు వారాలు

* కక్కిన దాన్ని ఫొటో తీయండి. చేతికి గ్లవ్స్ వేసుకుని తీసేయండి. పెట్టె కడిగి, ఆరబెట్టి, అడుగున తెల్ల కాగితం పరవండి. మలంలో రక్తం, జిగురు ఉన్నాయేమో కాగితం మీద బాగా కనిపిస్తుంది.

* థర్మామీటర్ పెట్టి చూడండి. చేత్తో తాకి 'వెచ్చగానే ఉంది' అనుకోవద్దు. హీట్ మ్యాట్ వాడితే థర్మోస్టాట్ తప్పనిసరి. లేకపోతే పొట్ట కాలుతుంది. కరెంటు పోతే టవల్ చుట్టిన వేడినీళ్ల సీసా పెట్టెకి ఒక పక్కన ఆనించండి.

* శుభ్రమైన నీళ్ల గిన్నె ఎప్పుడూ ఉండాలి. తిండి మాత్రం కనీసం పది రోజులు, వీలైతే రెండు వారాలు వద్దు. కష్టంగా అనిపిస్తుంది. కానీ ఈ ఆగడమే చికిత్స.

* ఆ రోజుల్లో చేతిలోకి తీసుకోవద్దు. వారానికోసారి వంటింటి డిజిటల్ కాటా లాంటి దాని మీద, పాముకి వేరుగా ఉంచిన దానిమీద, బరువు చూసి గ్రాముల్లో రాయండి.

* రెండు వారాల తర్వాత మామూలుగా పెట్టేదాంట్లో సగం కంటే చిన్న ఎలుక పిల్లని ఒక్కదాన్నే పెట్టండి. తర్వాత 48 గంటలు పెట్టె జోలికి పోవద్దు. అది నిలబడితే ఆ సైజులోనే ఇంకొన్ని భోజనాలు. తొందరపడి పాత సైజుకి వెళ్లొద్దు.

* ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోండి. పాములు పైకి ఆరోగ్యంగా ఉన్నా సాల్మొనెల్లా బ్యాక్టీరియాని మోస్తాయి. ఇంట్లో ఐదేళ్ల లోపు పిల్లలు, పెద్ద వయసువాళ్లు ఉంటే పాము పెట్టె, దాని గిన్నెలు వంటింట్లోకి రాకూడదు.

ఆగకూడని సందర్భాలు

పైవన్నీ సరిచేసినా రెండోసారి కక్కిందా? ఇక ఇంట్లో ప్రయోగాలు ఆపేయండి. రక్తం, జిగురుతో విరేచనాలు, శరీరం మధ్యలో గట్టి వాపు, బరువు పదో వంతు తగ్గడం, నోరు తెరిచి ఊపిరి తీయడం, తల వెనక్కి తిప్పి ఆకాశంలోకి చూస్తున్నట్టు ఉండిపోవడం... వీటిలో ఏది కనిపించినా మొదటిసారే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.

ఈ లక్షణాల వెనుక ఉండే పేర్లు కొన్ని తెలుసుకోండి. మొదటిది క్రిప్టోస్పోరిడియం. కంటికి కనపడని ఈ పరాన్నజీవి జీర్ణాశయం గోడని మందంగా మార్చేస్తుంది. శరీరం మధ్యలో వాపు, తిన్నప్పుడల్లా కక్కడం దీని గుర్తులు. పూర్తిగా నయం చేసే నమ్మకమైన మందు లేదు. మామూలు ఫినాయిల్‌కి చావదు. పక్క పెట్టెలోని పాముకీ అంటుతుంది. మలంలో అప్పుడప్పుడే బయటపడుతుంది కాబట్టి ఒక పరీక్షలో 'నెగటివ్' వచ్చినంత మాత్రాన లేదని కాదు. మళ్లీ చేయించాలి.

రెండోది ఎంటమీబా ఇన్వాడెన్స్ అనే అమీబా. రక్త విరేచనాలు చేయించి పాముని త్వరగా చంపుతుంది. తాబేళ్లు మాత్రం జబ్బు పడకుండానే దీన్ని మోస్తాయి. అందుకే తాబేలు, పాము ఒకే చోట వద్దు. మూడోది కొండచిలువలు, బోవాల్లో వచ్చే వైరస్ జబ్బు ఇన్‌క్లూజన్ బాడీ డిసీజ్. బోవాల్లో కక్కడంతో, పైథాన్‌లలో ఎక్కువగా నరాల లక్షణాలతో బయటపడుతుంది. ఇవి కాక మామూలు నులిపురుగులు, కాక్సీడియా ఉండనే ఉన్నాయి. వీటికి మందులున్నాయి, కానీ ఏ పురుగో తేలాకే.

డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు ఏం తీసుకెళ్లాలి? తాజా మలం మూత బిగించిన చిన్న డబ్బాలో, ఐస్ ప్యాక్ పక్కన. కక్కిన దాని ఫొటో. మీరు రాసిన పుస్తకం: ఎప్పుడు, ఏం, ఎన్ని గ్రాములు పెట్టారు, పెట్టె వేడి ఎంత, కక్కిన తేదీ, వారాల వారీ బరువు. తునిలాంటి ఊళ్లో పశువుల డాక్టర్ దగ్గరికి రోజూ వచ్చేవి గేదెలు, ఆవులు, మేకలు, కుక్కలు. ఆయన పాము పిల్లకి ఎప్పుడూ వైద్యం చేసి ఉండకపోవచ్చు. అయినా మలం పరీక్ష సూత్రం మేకకైనా పాముకైనా ఒకటే. మీ దగ్గర సరైన వివరాలుంటే, పెద్ద ఊళ్లో సరీసృపాలు చూసే డాక్టర్‌తో ఆయన మాట్లాడి దారి చూపించగలరు.

"డాక్టర్ దగ్గరికి వెళ్తే దొరికిపోతానేమో!"

చాలామంది జబ్బు పడ్డ పాముని దాచేది ఈ భయంతోనే. కాబట్టి చట్టం సూటిగా తెలుసుకోండి.

నాగుపాము, కట్లపాము, రక్తపింజర, జెర్రిపోతు, కొండచిలువ, రెండుతలల పాము... ఇలా మన అడవుల్లో, పొలాల్లో ఉండే పాముల్ని పట్టి పెంచుకోవడానికి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఒప్పుకోదు. మన కొండచిలువ మొదటి షెడ్యూల్‌లో ఉంది. ఆ షెడ్యూల్ జంతువుల విషయంలో శిక్ష మూడేళ్ల నుంచి ఏడేళ్ల జైలు, కనీసం 25 వేల రూపాయల జరిమానా. తాండవ ఒడ్డునో, లోవ కొండ దారిలోనో దెబ్బ తగిలిన పాము కనిపిస్తే ఇంటికి తెచ్చి వైద్యం చేయొద్దు. అటవీ శాఖకి ఫోన్ చేయండి.

మరి విదేశీ పాములు? 2022లో చట్టాన్ని సవరించారు. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. అంతర్జాతీయ సైటిస్ ఒప్పందం జాబితాలోని జంతువులు ఇప్పుడు నాలుగో షెడ్యూల్‌లో ఉన్నాయి. బాల్ పైథాన్ ఆ జాబితాలోదే. 2024లో వచ్చిన నిబంధనల ప్రకారం పరివేష్ 2.0 పోర్టల్‌లో దాన్ని నమోదు చేయాలి. చేతులు మారినా, పిల్లలు పుట్టినా, చనిపోయినా తెలపాలి. కార్న్ స్నేక్ ఆ జాబితాలో లేకపోయినా, విదేశీ జంతువుని దేశంలోకి తేవాలంటే దిగుమతి అనుమతులు తప్పవు.

'ఇన్‌స్టాలో అమ్ముతున్నారు కదా' అంటారేమో. అమ్మేవాడు కాగితాలు ఇవ్వకపోతే అది ఎలా వచ్చిందో ఊహించండి. 2023 ఏప్రిల్ 28న చెన్నై విమానాశ్రయంలో కౌలాలంపూర్ నుంచి వచ్చిన ఒక ప్రయాణికురాలి సామానులో కస్టమ్స్ అధికారులకి 22 పాములు, ఒక ఊసరవెల్లి దొరికాయి. డబ్బాల్లో కుక్కి, నీళ్లు లేకుండా, ఒకదాని జబ్బు ఇంకోదానికి అంటుకుంటూ వచ్చిన పిల్ల మీ చేతికొచ్చేసరికే దాని కడుపు సగం పాడై ఉంటుంది. అంటే కాగితాలు అడగడం పాము ఆరోగ్యం కోసం కూడా.

ఇంకోటి మీ కోసం. ప్రభుత్వ ఉద్యోగంలో చేరేటప్పుడు ఇచ్చే అటెస్టేషన్ ఫారంలో 'మీ మీద కేసులున్నాయా?' అనే ప్రశ్న ఉంటుంది. గ్రూప్స్‌కో, బ్యాంకుకో ఏళ్ల తరబడి ప్రిపేరై, రీల్ కోసం కొన్న పాము వల్ల ఆ గడి దగ్గర పెన్ను ఆగిపోవడం... ఊహించుకోండి. ఇప్పటికే కొనేసి ఉంటే దాచకండి, వదిలేయకండి. విదేశీ పాముని మన తోటల్లో వదలడం దానికీ ప్రమాదం, మన పాములకీ ప్రమాదం. అటవీ అధికారుల్ని కలిసి ఏం చేయాలో అడగండి. లాయర్ సలహా తీసుకుని వెళ్లినా మంచిదే.

ఈ పనికి ఎవరు కావాలి?

ఇప్పుడు మన పేజీ సంగతి. తునిలో రాత్రి పూట పాము కక్కితే అడగడానికి దగ్గర్లో మనిషి దొరకడం కష్టం. విశాఖ వెళ్లాలంటే సుమారు వంద కిలోమీటర్లు. ఆ ఖాళీలో మీకేమైనా చోటుందా?

ముందు నిజం చెప్పుకుందాం. పెంపుడు పాములకి మాత్రమే వైద్యం చేస్తూ మన దగ్గర బతకడం కష్టం. కానీ ఈ విద్య వచ్చినవాళ్లకి జూలు, వన్యప్రాణి రక్షణ కేంద్రాలు, పశువైద్యం, ల్యాబ్‌లు... ఇలా దారులు చాలా ఉన్నాయి.

బైపీసీ వాళ్లకి: బీవీఎస్సీ అండ్ ఏహెచ్ కోర్సు ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నరేళ్లు. 2005లో ఏర్పడిన తిరుపతి శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం కింద తిరుపతి, గన్నవరం, ప్రొద్దుటూరు, గరివిడిలో కాలేజీలున్నాయి. ఇతర రాష్ట్రాల కాలేజీల్లో 15 శాతం ఆలిండియా కోటా సీట్లకి నీట్ స్కోరు కావాలి. రాష్ట్ర సీట్ల విధానం ఆ ఏడాది నోటిఫికేషన్‌లో చూసుకోండి. తర్వాత వన్యప్రాణుల వైపు వెళ్లాలనుకుంటే బరేలీ దగ్గరి ఇజ్జత్‌నగర్‌లోని భారత పశువైద్య పరిశోధన సంస్థలో పీజీ ఉంది.

బీఎస్సీ జువాలజీ, మైక్రోబయాలజీ, బయోటెక్నాలజీ వాళ్లకి: 'మాది వెటర్నరీ కాదు కదా' అని ఆగిపోవద్దు. మలం పరీక్షలో గాఢమైన ఉప్పు నీళ్లలో గుడ్లు పైకి తేలేలా చేసి మైక్రోస్కోప్ కింద గుర్తుపట్టాలి. ఈ నైపుణ్యం మీ కాలేజీ ల్యాబ్‌లోనే నేర్చుకోవచ్చు. మేకలు, గేదెలు, కుక్కలు, పాములు... అన్నిటికీ పనికొస్తుంది. డెహ్రాడూన్‌లోని వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియాలో వైల్డ్‌లైఫ్ సైన్స్ ఎమ్మెస్సీ ఉంది. డీఎన్ఏ పని ఇష్టమైతే హైదరాబాద్‌లో సీసీఎంబీకి చెందిన లాకోన్స్ గురించి తెలుసుకోండి. పట్టుబడ్డ మాంసం, చర్మం ఏ జంతువుదో అక్కడ తేలుస్తారు.

సివిల్స్ ఆలోచన ఉన్నవాళ్లకి: ఇండియన్ ఫారెస్ట్ సర్వీస్ పరీక్షకి అర్హతగా చెప్పే సబ్జెక్టుల్లో జువాలజీ, పశువైద్యం రెండూ ఉన్నాయి.

అనుభవం కావాలనుకునేవాళ్లకి: చెన్నై దగ్గర 1976లో మొదలైన మద్రాస్ క్రొకడైల్ బ్యాంక్ సరీసృపాల సంరక్షణలో దేశంలో పేరున్న చోటు, వాలంటీర్లని తీసుకుంటుంది. మనకి దగ్గర్లో విశాఖ ఇందిరాగాంధీ జూ ఉంది. వెళ్లి అవకాశం ఉందేమో అడగండి. తూర్పు కనుమల్లో నల్లత్రాచుల సంరక్షణ మీద పనిచేసే ఈస్టర్న్ ఘాట్స్ వైల్డ్‌లైఫ్ సొసైటీ కూడా మన ప్రాంతానిదే.

ఇంటర్వ్యూలో ఆ నోట్‌బుక్

ఇంటర్వ్యూల్లో తరచూ అడిగేది: 'మీరు ఎదుర్కొన్న ఒక సమస్య చెప్పండి, ఎలా పరిష్కరించారు?' చాలామంది ఫెస్ట్ నిర్వహించిన కథ చెబుతారు. పాము అక్కర్లేదు, మీ ఇంటి మేకపిల్ల విరేచనాలనే రోజువారీగా బరువు, మేత, మలం, మందు, ఫలితం అని రాసి ఉంచారనుకోండి. ఆ నాలుగు పేజీలు మీ గురించి మాట్లాడతాయి. ఈ అభ్యర్థి కంగారు పడడు, గుడ్డిగా చేయడు, లెక్క రాస్తాడు అని.

మళ్లీ తునిలోని ఆ గదికి వద్దాం. మామ్మకి నచ్చజెప్పారు: "పాలు వద్దు మామ్మా, దీనికి అరగవు." తమ్ముడికి కాటా ఇచ్చి బరువు రాసే పని అప్పగించారు. ఫ్రెండ్‌కి థ్యాంక్స్ చెప్పి మందు పక్కన పెట్టారు. పెట్టెలో ఒక పక్క 32 డిగ్రీలు, గిన్నెలో నీళ్లు, అడుగున తెల్ల కాగితం. మొదటి పేజీ మీద తేదీ, 64 గ్రాములు. ఇంక పద్నాలుగు రోజులు. కొన్నిసార్లు ఇంత చేసినా పిల్ల దక్కదు. అప్పుడు కూడా ఆ పుస్తకం ఉంటే ఎందుకు దక్కలేదో డాక్టర్ చెప్పగలరు, పక్క పెట్టెలోది బతుకుతుంది.

ఈ రోజు ఏం చేస్తారు? పాము ఉంటే దాని కాగితాలు, థర్మామీటర్ చూసుకోండి. లేకపోతే కొనకండి, ముందు నేర్చుకోండి. రెండింటికీ ఒక కొత్త నోట్‌బుక్ చాలు.